అనంతకోటి బ్రహ్మాండాలలో మనకు పొరుగువారున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో ఏడు విశాఖపట్నం నుంచి వచ్చినవే. ఏడూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కొంత కుదించాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా పేటలో సాయంకాలాలు పురాణ ప్రవచనం జరుగుతోంది. భాగవతంలోని పద్నాలుగు లోకాలు పద్నాలుగు గ్రహాలేననీ, అక్కడ జీవులున్న సంగతి మన ఋషులు ఎప్పుడో కనిపెట్టారనీ ప్రవచనకర్త చెప్పారు. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే, ఇంజనీరింగు చదువుతున్న మా మనుమడు "అమ్మమ్మా, ఆ పద్నాలుగూ ఎక్కడున్నాయో వేలుపెట్టి చూపించు" అన్నాడు. నేను చూపించలేకపోయాను. ఇద్దరిలో ఎవరి మాట నిజం? (విశ్రాంత ఉపాధ్యాయిని, సీతమ్మధార)

జవాబు: అమ్మా, లోకాలంటే గ్రహాలే అన్న మాట సరైనది కాదు. అలాగని, వేలుపెట్టి చూపలేము కనుక ఆ లోకాలు ఒట్టి కట్టుకథలని తేల్చేయడమూ తొందరపాటే అవుతుంది.

"లోకం" అన్న మాటకు మూలమైన సంస్కృత ధాతువుకు చూడడం అని అర్థం. చూడబడేది, అనుభవానికి వచ్చేది లోకం. తెలుగులోనూ "లోకం ఏమంటుందో" అని జంకేటప్పుడు, "లోకులు పలుగాకులు" అని విసుక్కునేటప్పుడు మన మనసులో ఉండేది మన్నూ రాయీ కలిసిన గోళం కాదు, మనుషులూ వారి చూపూ. పురాణాలలో ఒక్కొక్క లోకం ఒక్కొక్క తీరు అనుభవానికి, ఆ అనుభవాన్ని సంపాదించిపెట్టిన కర్మకు పేరు. భాగవతం పంచమ స్కంధంలో అతలం మొదలు పాతాళం వరకు ఉన్న ఏడింటిని బిలస్వర్గాలన్నారు. అక్కడికి సూర్యకాంతి చేరదు, మహాసర్పాల పడగల మీది మణులే చీకటిని పోగొడతాయి, భోగాలు స్వర్గాన్ని మించి ఉంటాయి. మూడవదైన సుతలంలో బలి చక్రవర్తి ఉంటాడు; సర్వమూ దానమిచ్చిన ఆయన వాకిట విష్ణువే కావలి కాస్తాడు. ఇది చదివి, సుతలమంటే అంగారకుడా, గురుగ్రహపు చంద్రులలో ఒకటా అని వెతకబోతే, దాత గడపకు దేవుడు కాపలా ఉండడమన్న అసలు సంగతి చేజారిపోతుంది.

దూరాలను పట్టుకున్నా ఇదే చిక్కు. విష్ణుపురాణం భూమికి లక్ష యోజనాల పైన సూర్యుణ్ణి, సూర్యుడికి మరో లక్ష యోజనాల పైన చంద్రుణ్ణి ఉంచింది. చంద్రుడు సూర్యుడికి అవతల ఉంటే సూర్యగ్రహణం పట్టే వీలే లేదు. ఈ అభ్యంతరం పడమటి దేశాల విజ్ఞానం వచ్చి నేర్పినది కాదు. అన్ని కక్ష్యలలోకి చంద్రుడి కక్ష్యే భూమికి దగ్గరిదని మన పాత ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం చెప్పింది. మన సిద్ధాంతులు గ్రహణాలను ఆ అమరికతోనే గణించారు. పురాణం చదివిన ఇంట్లోనే పంచాంగం గోడకు వేలాడేది, ఒకదాని పనిని రెండవదానికి అప్పగించాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆ వివేకం ఇటీవలి ప్రవచన వేదికల మీద పలచబడుతోందని నా అభిప్రాయం.

ఇక ఈ భూమి కాక మరెక్కడైనా జీవులుండడానికి మన గ్రంథాలకు అభ్యంతరం ఉందా అంటే, ఏ మాత్రమూ లేదు. షష్ఠ స్కంధంలో చిత్రకేతువు అనంతుణ్ణి స్తుతిస్తూ, ఏడు ఆవరణలు గల ఈ బ్రహ్మాండం ఇలాంటివే అయిన కోటానుకోట్ల అండాలతో కలిసి నీలో పరమాణువులా తిరుగుతోందంటాడు. తిరుమల మెట్లెక్కేవారు "అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకా" అని పిలిచేటప్పుడు పలికేది ఈ భావాన్నే. పోతనగారి గజేంద్రుడు "లోకంబులు లోకేశులు లోకస్థులు" అని మూడింటినీ ఒక్క ఊపిరిలో చెప్పి, అవన్నీ అంతరించాక మిగిలే పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి సేవిస్తానన్నాడు. లోకాలున్నాక లోకస్థులూ ఉంటారన్నది ఆ పద్యం వాదించి నిరూపించిన విషయం కాదు, ముందే ఒప్పుకుని మొదలుపెట్టిన విషయం. అయితే అది ఊహకున్న వైశాల్యమే గాని, కనిపెట్టినట్టు రాసిపెట్టిన దాఖలా కాదు. గ్రహం దొరికిన మరునాడే దానికి తగిన శ్లోకం కూడా దొరకడం వల్ల ఋషుల గౌరవం పెరగదు. మీ మనుమడికి గజేంద్రుడి పద్యం పూర్తిగా చదివి వినిపించండి. అతడు అడిగిన ప్రశ్న అతని చదువుకు తగినదే. దానికి కోపగించుకోవలసిన పని లేదు.

ప్రశ్న: రేవతీ కల్యాణం కథలో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ఉందని మా మిత్రుడు వాదిస్తున్నాడు. బ్రహ్మలోకం వేరొక గ్రహమని కూడా అంటున్నాడు. నిజమా? (డిగ్రీ విద్యార్థి, గాజువాక)

జవాబు: కథ తెలియనివారి కోసం రెండు మాటలు. కుశస్థలిని ఏలిన కకుద్మి తన కుమార్తె రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ గంధర్వ గానం సాగుతుండగా కాసేపు ఆగి, పాట ముగిశాక తన మాట విన్నవించాడు. బ్రహ్మ నవ్వి, ఈ లోపల భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయనీ, నీవు అనుకున్న వరుల మనుమల పేర్లు కూడా ఇప్పుడు వినబడవనీ చెప్పాడు. తిరిగివచ్చిన కకుద్మి రేవతిని బలరాముడికి ఇచ్చి పెళ్లి చేశాడు.

1905 నాటి సాపేక్షతా సిద్ధాంతంలో కాలం నెమ్మదించడానికి కారణం వేగం. పురాణ కథలో కకుద్మి ఎంత వేగంగా వెళ్లాడన్న ప్రస్తావనే రాదు. కాలం తేడా అంతా పాట వింటూ నిలబడినప్పుడే వచ్చింది. అక్కడి సూత్రం వేరు: ఎవరి లోకానికి వారి కాలమానం. బ్రహ్మకు ఒక పగలు అంటే 1000 చతుర్యుగాలు, మన లెక్కలో 432 కోట్ల సంవత్సరాలు. ఆ పగటిని పన్నెండు గంటలుగా భావించి 27 చతుర్యుగాలను, అంటే 11,66,40,000 సంవత్సరాలను, అందులోకి మార్చి చూడండి. పంతొమ్మిదిన్నర నిమిషాలు కూడా నిండవు. రాగాలాపనతో సహా ఒక కీర్తన నిడివి అంతే ఉంటుంది! పాట అయ్యేదాకా ఆగాడన్న మాటకు ఈ లెక్క ఎంత చక్కగా అమరిందో గమనిస్తే, అరువు తెచ్చిన భౌతికశాస్త్రం అక్కర లేకుండానే కథ మీద గౌరవం కలుగుతుంది. పూర్వయుగపు మనిషి కనుక రేవతి మరీ పొడవుగా ఉందనీ, బలరాముడు నాగలి కొనతో ఆమెను తన కాలపు ఎత్తుకు వంచాడనీ విష్ణుపురాణం మరో ముచ్చట కలిపింది. మీ మిత్రుడు దీనిని ఏ సిద్ధాంతంలో ఇముడుస్తాడో అడగండి.

ప్రశ్న: కె2-18బి అనే గ్రహం మీద ప్రాణి ఉన్నట్టు ఆధారం దొరికిందని చదివాను. ఎవరూ వెళ్లని చోట గాలిలో ఏముందో ఎలా తెలుస్తుంది? (గృహిణి, మధురవాడ)

జవాబు: ఈ విద్యకు మన ఊరితో పాత పరిచయమే ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంతంగా ఒక వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం, నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగిపోవడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. నేడు దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఎక్కువగా దొరుకుతున్నది ఈ పద్ధతిలోనే. గ్రహం అడ్డు వచ్చినప్పుడు నక్షత్రపు వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ వెలుగు గ్రహపు గాలిపొర గుండా వచ్చినప్పుడు అక్కడున్న వాయువులు తమకు తగిన రంగులను మింగేస్తాయి. వెలుగును రంగులుగా విడదీసి పదార్థాలను గుర్తుపట్టడం కూడా మనకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి అదే విధంగా పరిశీలించాడు.

కె2-18బి మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో, అంటే వెలుగుకే 124 ఏళ్లు పట్టే దూరంలో, ఉంది. అక్కడి గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ వంటి వాయువు జాడ ఉన్నట్టుందని నిక్కు మధుసూదన్ నాయకత్వంలోని కేంబ్రిడ్జి బృందం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. భూమి మీద ఆ వాయువును ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. తరువాత ఇతర బృందాలు ఆ కొలతలనే తిరిగి పరిశీలించి, జాడ నమ్మదగినంత బలంగా లేదన్నాయి. ఇప్పటికి ఆరు వేలకు పైగా గ్రహాలు సౌరకుటుంబం వెలుపల ఖాయమైనాయి గాని, వాటిలో ఏ ఒక్కదాని మీదా ప్రాణి ఉన్నట్టు రుజువు కాలేదు.

ప్రశ్న: ఇతర లోకాలలో మనవంటి వారుంటే, ప్రభువు సిలువ మరణం వారి కోసం కూడానా? బైబిలులో దీనికి ఆధారముందా? (జ్ఞానాపురం) ఖురాన్‌లో ఇతర లోకాల జీవుల మాట ఉందా? (పాతనగరం)

జవాబు: రెండవ ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందు చెబుతాను. ఖురాన్ ప్రారంభ సూరాలోనే దేవుడు "ఆలమీన్"కు, అంటే లోకాలన్నిటికీ, ప్రభువని ఉంది. 42వ సూరా 29వ ఆయతు ఇంకా సూటిగా, ఆకాశాలనూ భూమినీ సృష్టించడం, ఆ రెండింటిలోనూ ప్రాణులను వ్యాపింపజేయడం ఆయన సూచనలలోనివని చెబుతుంది. అక్కడ వాడిన "దాబ్బా" అనే అరబ్బీ మాటకు నేల మీద కదిలే ప్రాణి అని అర్థం. ఆకాశాలలోని వారంటే దేవదూతలే కదా అనవచ్చు. కాని 16వ సూరా 49వ ఆయతు దాబ్బానూ దేవదూతలనూ విడివిడిగా పేర్కొన్నది.

జ్ఞానాపురం పాఠకుల ప్రశ్న చాలా కష్టమైనది, ఎందుకంటే క్రైస్తవంలో రక్షణ అనేది ఒక కాలంలో, ఒక ఊరిలో, ఒక్కసారి జరిగిన సంఘటన మీద ఆధారపడి ఉంది. క్రీస్తు ఒక్కసారే అర్పించబడ్డాడని హెబ్రీయులకు రాసిన పత్రిక నొక్కి చెబుతుంది. యోహాను సువార్త పదవ అధ్యాయంలోని "ఈ దొడ్డివి కాని వేరే గొఱ్ఱెలును నాకు కలవు" అన్న వాక్యాన్ని ఇతర గ్రహవాసులకు వర్తింపజేసేవారు ఉన్నారు. అయితే ఆ సందర్భంలో వేరే గొర్రెలంటే యూదులు కాని జనులన్నదే సంప్రదాయార్థం. దానిని నక్షత్రాల దాకా లాగడం నాకు సబబుగా తోచదు.

చర్చి ఈ ప్రశ్నకు ఎప్పుడూ బెదిరిందనుకోవడం మాత్రం పొరపాటు. దేవుడు అనేక లోకాలను సృష్టించలేడన్న వాదాన్ని పారిస్ బిషప్పు 1277లోనే ఖండించాడు. తరువాత కార్డినల్ అయిన నికొలస్ ఆఫ్ కూసా, ఇతర గోళాలలోనూ నివాసులుండవచ్చని 1440లో రాశాడు. అదే శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ పండితుడు విలియం వోరిలాంగ్ మీరడిగిన ప్రశ్ననే వేసుకుని, లోకాలు అనంతమైనా ఈ భూమి మీది మరణమే వాటన్నిటి విమోచనకూ చాలుననీ, క్రీస్తు మరో లోకానికి వెళ్లి మళ్లీ మరణించడం తగదనీ సమాధానం చెప్పుకున్నాడు. 1600లో రోములో సజీవదహనమైన జోర్డానో బ్రూనో అనేక లోకాల వాదం చేశాడన్నది నిజమే గాని, ఆయన మీది అభియోగాలలో త్రిత్వం వంటి విశ్వాస విషయాలు కూడా ఉన్నాయి. ఎదుటి పక్షం కూడా గట్టిదే: క్రీస్తు ఒక్కొక్క లోకంలో పుట్టి చనిపోతూ తిరుగుతూ ఉండాలా అని ఆంగ్ల రచయిత థామస్ పెయిన్ 1794లో ఎకసెక్కెం చేశాడు. వాటికన్ వేధశాల అధిపతిగా ఉన్న ఫాదర్ ఫ్యూనెస్ 2008లో మాట్లాడుతూ, అలాంటి జీవి ఉంటే మనకు సోదరుడే అవుతాడనీ, అది విశ్వాసానికి విరుద్ధం కాదనీ అన్నారు. నాకు వోరిలాంగ్ జవాబు కంటే ఆయన ప్రశ్నే గొప్పదనిపిస్తుంది. దూరదర్శిని పుట్టడానికి నూరేళ్లకు పైగా ముందే ఒక సన్యాసి దానిని వేసుకున్నాడు.

ప్రశ్న: "జంతూనాం నరజన్మ దుర్లభం" అని చిన్నప్పటి నుంచి వింటున్నాము. కోట్ల గ్రహాలలో బుద్ధిజీవులుంటే నరజన్మ దుర్లభమెలా అవుతుంది? వారికి మోక్షం ఉందా? (బ్యాంకు ఉద్యోగి, భీమిలి)

జవాబు: వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినది ఇదే. క్రైస్తవులకే ఇబ్బంది, మనకు లేదు అని మనవాళ్లు తేలికగా అంటారు. నిజానికి మన గ్రంథాలు విశ్వమంతటా జీవులను నింపి, ముక్తికి సాధన చేసే పనిని మాత్రం ఈ ఒక్క నేలకే అప్పగించాయి. భారతవర్షమే కర్మభూమి, తక్కినవి భోగభూములన్నారు. భారతభూమిలో పుట్టినవారు ధన్యులని దేవతలు పాటలు పాడుకుంటారని విష్ణుపురాణం చెబుతుంది. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే అన్యగ్రహ జీవి సంగతి అటుంచి, అమెరికాలో పుట్టినవాడికే దారి మూసుకుపోతుంది.

కాని ఇదే ప్రశ్న మన శాస్త్రకారుల మధ్య వేరే రూపంలో చర్చకు వచ్చింది. బ్రహ్మసూత్రాలు మొదటి అధ్యాయం మూడవ పాదంలో, మనుషులకు పైనున్న దేవతలకు బ్రహ్మవిద్యలో అధికారం, అంటే అర్హత, ఉందా అన్న వివాదం ఉంది. లేదని మీమాంసా సూత్రకారుడు జైమిని అన్నాడు. "తదుపర్యపి బాదరాయణః సంభవాత్" అని సూత్రం: మనుషులకు పైవారికి కూడా ఉంది, ఎందుకంటే అది సంభవమే, అని బ్రహ్మసూత్రకారుడైన బాదరాయణుడి మతం. శంకరులు భాష్యం రాస్తూ, అధికారానికి కావలసినవి ముక్తి కావాలన్న కోరిక, దానికి తగిన సామర్థ్యం వంటివేనని, అవి దేవతలకూ ఉండవచ్చునని వాదించారు. ఎక్కడ ఉన్నాడన్నది ఆ వాదంలో అడ్డుగోడ కాలేదు. దేవతల కోసం తెరిచిన ఆ తలుపును 124 కాంతి సంవత్సరాల అవతలి జీవికి మూసివేయడానికి నాకు కారణం కనబడదు.

"నర" శబ్దం సంగతి కూడా చూద్దాం. మనుష్యుడు అని ఎందుకన్నారంటే, ఆలోచించి తన కర్మలను ఒకదానితో ఒకటి కుట్టుకుంటాడు గనుక అని యాస్కుడు, వేదపదాల పుట్టుకను వివరించే నిరుక్తంలో చెప్పాడు. ఈ నిర్వచనంలో రెండు కాళ్లూ లేవు, రెండు చేతులూ లేవు. ఎనభై నాలుగు లక్షల జీవరాశుల లెక్కను చెప్పే శ్లోకం ఒకటి ప్రచారంలో ఉంది. అందులో జలచరాలు తొమ్మిది లక్షలు, స్థావరాలు ఇరవై, క్రిములు పదకొండు, పక్షులు పది, పశువులు ముప్పై, మనుష్యులు నాలుగు లక్షలు. భూమి మీద ఇప్పుడున్న మనుష్యజాతి ఒక్కటే. తక్కిన వారందరూ ఎక్కడున్నారని తమాషాకైనా అడగవచ్చు. ఆ లెక్కను శాస్త్రీయ గణాంకంగా నేను చెప్పడం లేదు. ఆలోచించగల జన్మ దుర్లభమన్న మాటకు మాత్రం ఇంతవరకు ఖగోళశాస్త్రం కూడా ఎదురు చెప్పలేదు. ఆరు వేల గ్రహాలు దొరికినా ఒక్క సూక్ష్మజీవి ఖాయం కాలేదు.

మీరు భీమిలి వారు కనుక ఒక మాట. బీచ్ రోడ్డులో వచ్చేటప్పుడు ఎప్పుడైనా తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చిన కొండ మీద రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించారు. బౌద్ధుల అంగుత్తర నికాయంలో ఆనందుడు, మీ కంఠస్వరం ఎంత దూరం వినిపించగలరని బుద్ధుణ్ణి అడుగుతాడు. వెయ్యి సూర్యులు, వెయ్యి చంద్రులు, వెయ్యి మేరువులు, వెయ్యి జంబూద్వీపాలు గల లోకసముదాయం అంటూ బుద్ధుడు మొదలుపెట్టి, అలాంటివి వెయ్యి, మళ్లీ అలాంటివి వెయ్యి అని హెచ్చిస్తూ పోతాడు. అక్కడ జంబూద్వీపం కూడా ఒక్కటి కాదు. కర్మభూమి ఒకటే అన్న ఇబ్బంది ఆ లెక్కలో పుట్టనే పుట్టదు.

ప్రశ్న: మనుషులు అంగారక గ్రహం మీద కాపురం పెడితే సంకల్పం ఎలా చెప్పాలి? నవ్వులాటకు అడగడం లేదు. (పురోహితులు, సింహాచలం)

జవాబు: అయ్యా, మీరు రోజూ "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అని మన ఊరి ఉనికిని చెబుతూనే ఉన్నారు. అమెరికాలోని పురోహితులు కొందరు "జంబూద్వీపే" అన్న చోట "క్రౌంచద్వీపే" అని మార్చుకున్నారు. కాబట్టి దేశం చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. చిక్కు కాలంతోనే. తిథి అంటే భూమి నుంచి చూసినప్పుడు సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అంగారకుడికి ఇద్దరు చంద్రులున్నారు. పెద్దవాడైన ఫోబోస్ 7 గంటల 39 నిమిషాలకే ఒక చుట్టు తిరిగి వస్తాడు. అతణ్ణి పట్టుకుని తిథులు కడితే ఏకాదశి ఉపవాసం పావుగంటలో ముగిసి ద్వాదశి పారణకు పీట వేయవలసి వస్తుంది. డీమోస్ కొంత నెమ్మది. అతని లెక్కలో ఏకాదశి గంటసేపు ఉంటుంది. భూమి పంచాంగాన్నే వెంట తీసుకువెళ్లమని నా సలహా.